అరిజోనా యింటి కొలనులో కుక్కల యీత

నీరున్న చోటునకు మెట్లు కట్టుట మన దేశమున మిక్కిలి పాత యాచారము. గుడిముందటి కోనేరునకు నాలుగువైపుల మెట్లు, గోదావరి రేవులకు మెట్లు, పల్లెలలోని దిగుడుబావులకు మెట్లు. నీటిలో దిగినవారు తిరిగి పైకి రావలయునను మాటను ఆ రాళ్ళు మనకు నిత్యము చెప్పుచునే యున్నవి. రాజమహేంద్రవరమున పుట్టి పెరిగిన నాకు మెట్లు లేని నీరన్న నెట్లుండునో చిన్ననాట తెలియదు. అది తెలిసినది భూగోళమున కావలివైపున, వాననీరే యరుదైన యొక యెడారి పట్టణమున, రెండు కుక్కల మూలమున.

2023 వ సంవత్సరము జూన్ మాసమున నేను మా చెల్లెలి యింటికి అమెరికా దేశము వెళ్ళితిని. వారి కాపురము అరిజోనా రాష్ట్రమున, ఫీనిక్సు మహానగరమునకు ఆగ్నేయముగా నున్న చాండ్లరు పట్టణమున. మా మఱది యచ్చట నొక కర్మాగారములో ఇంజనీరు. ఆ ప్రాంతమున తెలుగు కుటుంబములు చాల గలవు. సాయంకాలము వీధిలో నడచినచో ఏదో యొక వంటింటినుండి పులుసు తాలింపు వాసన రాకపోదు. కాని కన్నెత్తి చూచిన మాత్రము అది మన నేల కాదని వెంటనే తెలియును. సొనోరా యెడారి యచ్చటనే మొదలిడి మెక్సికో దేశములోనికి వ్యాపించును. సగ్వారో యను జెముడు చెట్లు చేతులెత్తి నిలిచిన మనుష్యులవలె కొండవాలులందు నిలిచియుండును. ఆ యేడు ఎండలు సామాన్యములు కావు. జూన్ 30 మొదలు జూలై 30 వఱకు వరుసగా 31 దినములు ఫీనిక్సులో పగటి గరిష్ఠోష్ణము 110 డిగ్రీల ఫారన్‌హీటునకు, అనగా 43 సెంటిగ్రేడునకు, తగ్గలేదు.

ఇట్టి చోట జనులెట్లు నిలిచిరని యడుగవచ్చును. వెనుకటి కాలమున హోహోకాములను ప్రాచీన జనులు కొయ్యపనిముట్లతోను, రాతిపనిముట్లతోను వందల మైళ్ళ కాలువలు త్రవ్వి యిచ్చట సేద్యము చేసిరి. ఇప్పుడు కొలరాడో నదినుండి 336 మైళ్ళ కాలువ యీ ప్రాంతమునకు నీరు తెచ్చుచున్నది. చాండ్లరు పట్టణమునకు పేరిచ్చిన అలెగ్జాండరు జాన్ చాండ్లరు అనునాయన పశువైద్యుడు. అరిజోనా యింకను రాష్ట్రము కాని దినములలో ప్రభుత్వ పశువైద్యుడుగా వచ్చి, 1891లో 80 ఎకరముల నేల కొని, నీటిపారుదల విద్య నేర్చి, క్రమముగా గొప్ప భూస్వామి యయ్యెను. 1912లో ఆయన తన నేలను స్థలములుగా విభజించి యమ్మగా ఈ యూరు వెలసినది. పశువైద్యుని పేరు పెట్టుకొన్న యూరిలో కుక్కలకు జరుగు గౌరవమును చూచి నేనాశ్చర్యపడ నక్కఱలేకపోయినది.

ఆ యూర మధ్యతరగతివారి యిండ్లకు సైతము పెరటిలో ఈతకొలను ఉండుట సామాన్యము. మన యింట తులసికోట యున్న చోట వారికి కొలను. మా చెల్లెలి యింటి కొలను సుమారు ముప్పది యడుగుల పొడవు, పదునైదడుగుల వెడల్పు. ఒక కొస మొలలోతు, రెండవ కొస ఆఱడుగుల పైచిలుకు. అడుగున నీలపు గచ్చు. నీరద్దమువలె తేటగా నుండును. కాని మెట్లు? లోతు తక్కువైన కొసన, ఒక్క మూలలో నాలుగు మెట్లు. తక్కిన యంచంతయు నిట్టనిలువు గోడ, నునుపైన పలకలు. చేయి పట్టుకొని పైకి లేచు మనిషికి అది గోడయే కాదు. చేతులు లేని ప్రాణికి అది బావి.

కొలను చుట్టును అయిదడుగుల యినుప కంచె యున్నది. ఆఱేండ్ల లోపు బిడ్డలున్న యిండ్లలో ఇట్టి కంచె యుండవలెననియు, దాని గేటు తనంత తాను మూసికొని గడియపడవలెననియు, కొలనువైపునకు గాక వెలుపలికే తెఱచుకొనవలెననియు ఆ రాష్ట్రపు శాసనము. మా చెల్లెలి కుమార్తెకు పదునొకండేండ్లు. ఆ పిల్ల పుట్టినప్పటి కంచె యిక నక్కఱలేదని మా మఱది తీసివేయబోగా, మా చెల్లెలు పడనీయలేదట. "పిల్ల పెద్దదైనది గాని కుక్కలు పెద్దవి కావు గదా, అక్కయ్యా" అని నాతో ననెను.

ఆ యింట రెండు కుక్కలు. పెద్దది లాబ్రడారు జాతిది, పేరు గోపి. చిన్నది పగ్గు జాతిది, పేరు బుజ్జి. వీనిలో గోపికి నీరన్న ప్రాణము. లాబ్రడారు పూర్వులు న్యూఫౌండ్లాండు ద్వీపమున జాలరుల పడవలలో నుండి, వలలు లాగుటకును, జాఱిన చేపల నందుకొనుటకును తోడ్పడినవి. పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండునకు చేరి యిప్పటి రూపు దాల్చినవి. నీరంటనీయని జిడ్డుబొచ్చు, చుక్కానివంటి దట్టపు తోక, వ్రేళ్ళనడుమ చర్మము, ఇవన్నియు ఈతకు తగినవి. బుజ్జి సంగతి వేఱు. దాని ముక్కు అణగినది, తల బరువు, కాళ్ళు పొట్టివి. ముక్కు నీటిపైన నుంచుటకు తల మీదికెత్తినచో వెనుకభాగము క్రిందికి దిగిపోవును. బుల్‌డాగులకును, పొట్టికాళ్ళ డాక్సుండులకును ఇదే చిక్కు. కుక్కలన్నియు పుట్టుకతోనే యీదునని మనవారనుట నేనును వినియున్నాను. నీటబడిన కుక్క కాళ్ళాడించు మాట నిజమే గాని, కాళ్ళాడించినంత మాత్రమున అన్ని కుక్కలు తేలవు.

తేలు కుక్కలకు మాత్రము భయము లేదా యనిన, ఆ ప్రశ్నకు జవాబు ప్రక్కయింటనే యున్నది. అచ్చట నొక వృద్ధవితంతువు గలరు. పూర్వము బడిలో ఉపాధ్యాయిని. ఆమె కుక్కకు పదుమూడేండ్లు. అది పదేండ్లు ఆమెతో కూడ ఈదినది. ఎప్పుడును మెట్లమీదనుండియే దిగెడిది, ఆమె మెట్లపై కూర్చుండి పిలువగా తిరిగి వచ్చెడిది. కడపటి రెండేండ్లలో దానికి కన్నులందు పొరలు కమ్మినవి. ఒకనాటి మధ్యాహ్నము కొలను శుభ్రపఱచుటకు వచ్చిన పనివాడు గొట్టమును గేటుగుండ వేసి, పోవునపుడు గేటును సరిగా మూయలేదు. కుక్క లోతువైపున నీటబడినది. ఆమె ఇరువది యడుగుల దూరమున వంటింటిలో నున్నారు. కిటికీ తెఱచియే యున్నది. చప్పుడేమియు వినబడలేదు. మునుగు ప్రాణి యఱవదు. ఉన్న ఊపిరియంతయు తేలుటకే చాలదు. ఆమె వచ్చి చూచునప్పటికి అంతయు నైపోయినది. కుక్క పడినచోటనే గోడను గీరి గీరి దాని గోళ్ళు విరిగియుండెనట. మెట్లు అచ్చటికి ముప్పదడుగులలో నున్నవి.

"దానికి ఈత వచ్చును. దారి రాదు. దారి నేను నేర్పలేదు" అని యామె నాతో చెప్పునపుడు కంట నీరు పెట్టలేదు. ఆ మాటను చాలమందికి చాలసార్లు చెప్పియుందురని తోచినది. ఆ తరువాత ఆ వీధిలో ఎవరింటికి క్రొత్త కుక్క వచ్చినను ఈమె వెళ్ళి మెట్లు నేర్పి వచ్చుట యాచారమైనది.

గోపికి బాగుగా ఈత వచ్చును గనుక శిక్షణ మక్కఱలేదని మా మఱది యభిప్రాయము. మా చెల్లెలు వినక, ఆమెను పిలిచెను. నేను పెరటి యరుగుమీద కూర్చుండి ఆ బోధనమంతయు పది దినములు చూచితిని. బిడ్డలకు నడక నేర్పిన మన సోదరీమణులకు అది క్రొత్తగా తోచదు.

మొదటి దినమున గోపికి మెడపట్టెడ తీసివేసి, ఱొమ్ముచుట్టును పట్టీ కట్టి, త్రాటితో పట్టుకొని మొదటి మెట్టుపై నిలిపిరి. పాదములు మాత్రమే తడిసినవి. మెడపట్టెడ నిచ్చెనకో, అడుగునున్న జాలికో తగుల్కొనవచ్చును గనుక నీటిలో నది కూడదట. రెండవ దినమున ఆమె కడుపుక్రింద చేయి వేసి రెండు బారల దూరము తీసికొనిపోయి, ముఖము మెట్లవైపునకు త్రిప్పి వదలిరి. మెట్టెక్కగానే యొక మాంసపు తునక, రెండు మెప్పుమాటలు. ఆ పిమ్మట దినమున కొక గోడ. ఉత్తరపు గోడనుండి, తూర్పు గోడనుండి, లోతు కొసనుండి, ఎచ్చటనుండి దిగినను తిరుగవలసిన దిక్కొక్కటే. కుక్క స్వభావమేమనగా, తాను పడినచోటనే పైకెక్కజూచును. ఆ స్వభావమును మాన్పి, గోడను విడిచి మెట్లకు తిరుగుట నలవాటు చేయుటయే ఈ విద్యయంతయు.

మెట్లప్రక్కన ఆమె యొక పొడుగాటి నీలపు కుండీ పెట్టించిరి. ఎఱ్ఱపూల కుండీ యింకను అందముగా నుండును గదా యని మా చెల్లెలి కూతురడుగగా, కుక్క కంటికి ఎఱుపు స్పష్టము గాదనియు, నీలము, పసుపు బాగుగా తెలియుననియు చెప్పిరి. నీటిమట్టమునుండి చూచు కుక్కకు మెట్లు కనబడవు. మెట్లున్న చోటు చెప్పు గుర్తు కనబడవలెను. తొమ్మిదవ దినమున ఎవరును పిలువకుండ, గోపిని లోతు కొసన దింపిరి. అది యొకమాఱు గోడవైపు చూచి, వెంటనే తిరిగి, కొలను పొడవునను ఈది మెట్లెక్కి ఒడలు విదిల్చెను. ఆ నీరంతయు మా మఱది మీద పడినది. ఆయన యేమియు ననలేదు. ఆ మఱునాడే కొట్టునకు పోయి, లోతు కొసన అంచునకు తగిలించు ప్లాస్టికు వాలుబల్ల యొకటి తెచ్చెను. దానిని గూడ కుక్కకు మఱల నేర్పవలసియే వచ్చినది. నేర్పని వాలుబల్ల కుక్కకు మఱియొక గోడయే.

బుజ్జికి పాఠము వేఱు. దానికి కొలతకు తగిన లైఫు జాకెట్టు తొడిగిరి. దాని వీపుపై చేతిపట్టు ఉండును. ఆపద వచ్చిన నొక చేతితో పైకెత్తవచ్చును. జాకెట్టుతోనే దానికి మెట్లదారి నేర్పిరి. అయినను అది యీతగత్తె కాదని యందఱు నొప్పుకొనిరి. పై మెట్టుమీద కడుపు తడియునంత నీటిలో కూర్చుండి లోకమును చూచుటయే దాని జలక్రీడ. జాకెట్టు కాపలాకు బదులు కాదనియు, మనిషి కన్ను ఎప్పుడును నీటిమీద నుండవలెననియు ప్రక్కయింటామె పదే పదే చెప్పిరి.

మునుగుట యొక్కటియే భయమనుకొనరాదు. నేను వెళ్ళుటకు ముందు వేసవిలో, పిల్ల స్నేహితురాండ్రు వచ్చి బంతి విసరగా గోపి గంటసేపు ఆగకుండ తెచ్చియిచ్చెనట. నోరు తెఱచి బంతి నందుకొన్న ప్రతిసారియు గ్రుక్కెడు నీరు లోపలికి పోవును. సాయంకాలమునకు దాని కడుపుబ్బి, నీరు వాంతియై, కాళ్ళు తడబడి, చూపు నిలువకపోయినది. అలసటయని నిద్రపుచ్చక, మా చెల్లెలు వెంటనే పశువైద్యశాలకు కొనిపోయెను. అధికముగా త్రాగిన నీటివలన నెత్తుటిలో ఉప్పుపాలు పలుచనై, మెదడు వాచునట. కొన్ని గంటలలో ప్రాణము పోవచ్చునట. రాత్రియంతయు నుంచి చికిత్స చేయగా బ్రదికినది. అప్పటినుండి ఆ యింట పది నిమిషములు ఈత, పిదప నీడలో విశ్రాంతి. బంతికి బదులు పలుచని బిళ్ళవంటి యాటవస్తువు. నోరంతగా తెఱవకయే దాని నందుకొనవచ్చును.

ఎండ సంగతియు చెప్పవలెను. చన్నీళ్ళలో నున్న కుక్కకు వడదెబ్బ యెట్లు తగులునని తోచును గాని, ఆ యూర జూలై మాసమున కొలనినీరు చన్నీళ్ళు కావు, స్నానపు నీళ్ళవలె నులివెచ్చగా నుండును. అందు పరుగులిడిన కుక్క ఒడలు చల్లబడదు. ముక్కణగిన జాతులు రొప్పి వేడిని వెడలించుట మఱియు కష్టము. కాన ఈత సూర్యోదయమునకు ముందు, లేదా ప్రొద్దు క్రుంకిన పిదప. కొలను చుట్టునున్న గచ్చు పెనమువలె కాలును. అఱచేతి వెనుకభాగము ఏడు సెకనులు గచ్చుపై నిలువకున్న, కుక్క పాదమును నిలువదని వారి లెక్క. చలికాలమున ఆ నీరే మిక్కిలి చల్లనై, అతిగా నీదిన కుక్కకు తోక మొదలు నొప్పి పట్టి తోక వ్రేలాడును. విశ్రాంతి నిచ్చిన కొన్ని దినములలో సామాన్యముగా సర్దుకొనును.

ఇక గృహిణి పనులు. ఈతకు ముందు కుక్కను దువ్వవలెను. లేనిచో బొచ్చంతయు నీటిని వడగట్టు బుట్టలో చేరి పంపు మూలుగును. నీటిలో క్లోరిను పదిలక్షల పాళ్ళకు 1 మొదలు 3 పాళ్ళవఱకు నుండునట్లును, ఆమ్లక్షారముల కొలత 7.2 మొదలు 7.8 వఱకు నుండునట్లును మా చెల్లెలు చిన్న కాగితపు పట్టీతో చూచుకొనును. కుక్కలు దిగిన దినమున క్లోరిను త్వరగా ఖర్చగును. మందు దండిగా వేసిన దినమున కుక్కకు గాని పిల్లలకు గాని నీరు నిషిద్ధము. మందుబిళ్ళల డబ్బా తాళపుగదిలో నుండును. గేటుప్రక్కన పళ్ళెముతో మంచినీరుంచిన కుక్క కొలనినీరు త్రాగదు. ఈత యైన పిమ్మట కుళాయినీట కడిగి, చెవులను మెత్తని గుడ్డతో తుడువవలెను. చెవిలో తడి నిలిచిన చీము పట్టును, వ్రేలాడు చెవుల జాతులకు మఱియు. ఈదిన కుక్క ఆ రాత్రి దగ్గినను, ఎగశ్వాస పడినను, ఊపిరితిత్తులలో నీరు చేరెనేమోయని వైద్యునికి చూపవలెను.

కొలనుపై కప్పు దుప్పటి గూర్చి యొక మాట. వెచ్చదనము నిలుచుటకై పఱచు బుడగల ప్లాస్టికు దుప్పటి కుక్క కంటికి నేలవలె కనబడును. దానిపై కాలు పెట్టిన క్రుంగిపోవును, దుప్పటి తిరిగి మీద మూసికొనును. మనిషి బరువు నోర్చునట్లు చుట్టును గట్టిగా బిగించిన కప్పు వేఱుగా దొరకును. ఎట్టి కప్పున్నను కంచె గేటు మూసియుండవలసినదే.

కొలరాడో నీరు కొఱతయగుచున్న యెడారిలో ఇన్ని పెరటి కొలనులు తగునా యని నాకు తోచకపోలేదు. ఆ యెండకు సంవత్సరమున కొన్ని యడుగుల మట్టము నీరు ఆవిరియై పోవును. మా మఱదియు నా సంగతి యెఱుగును. రాత్రులందు కప్పు వేయుట అందులకే. ఆ చర్చ యట్లుండ, నీరున్నంతకాలము దానియొద్దనున్న ప్రాణుల భారము ఆ యింటివారిదే.

మన యిండ్లలో ఈతకొలనులు కొందఱికే యుండవచ్చును. హైదరాబాదు పరిసరముల తోటయిండ్లలో ఇప్పుడవి యున్నవి, కుక్కలును ఉన్నవి. పైన చెప్పినదంతయు వారికి నేరుగా పనికివచ్చును. కాని తక్కినవారికిని ఇందు పాలు లేకపోలేదు. మన వీధిలో మూత లేని నీటి సంపులున్నవి. చేలలో పిట్టగోడ లేని బావులున్నవి. అనంతపురము మొదలైన మెట్టసీమలలో పంటకుంటలకు ప్లాస్టికు పట్టా పఱచుచున్నారు. నీరింకకుండ నది మేలే గాని, ఆ పట్టా తడిసిన నున్నగా జాఱును. నీరు త్రాగబోయిన కుక్కకు గాని, మేకపిల్లకు గాని, పసిబిడ్డకు గాని కాలు నిలువదు, పైకెక్క వీలుగాదు. అడ్డకమ్ములు కొట్టిన పలక యొకటి వాలుగా దింపిన, దారి యేర్పడును. దీని కగు వ్యయము స్వల్పము.

సోదరీమణులారా, ఈ సంచిక ప్రక్కన పెట్టిన పిమ్మట మీ పెరటిలోను, మీ చేనిలోను ఉన్న నీటిని ఒకమాఱు చూడుడు. అందులో పడినది చేతులు లేని ప్రాణి యైనచో ఎటునుండి పైకి రాగలదో గుర్తింపుడు. దారి లేకున్న ఈ వారములోనే యొకటి యేర్పఱుపుడు. ఉన్నచో, మీ యింటి కుక్కకు దానిని చూపుడు.